సెస్నా 172లో అమ్మీటర్ ముల్లు కొట్టుకుంటోంది: రెగ్యులేటర్, ఆల్టర్నేటర్ మార్చినా తగ్గలేదు

డెంటన్172:

అందరికీ నమస్కారం. నేను, మరో ఇద్దరు స్నేహితులు కలిసి 1975 మోడల్ సెస్నా 172ఎం నడుపుకుంటున్నాం. డాలస్‌కు ఉత్తరాన డెంటన్ ఎయిర్‌పోర్టులో ఉంటుంది. 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్, 14 వోల్టుల సిస్టం, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది). ఇంజిన్‌తో ఏ పేచీ లేదు. కరెంటు దగ్గరే ప్రాణం విసిగిపోతోంది.

స్టార్ట్ చేసిన కొత్తలో అమ్మీటర్ (కరెంటు ఎటు, ఎంత పారుతోందో చూపే మీటర్) బాగానే ఉంటుంది. బీకన్ (హెచ్చరిక లైటు), రేడియోలు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం జాడ చెప్పే పరికరం) వేశాక ముల్లు సున్నాకు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ల్యాండింగ్ లైటు వేస్తే ఆ ఊపు ఇంకా పెరుగుతుంది, ప్యానెల్ లైట్లు కూడా దానితో పాటే మినుకుమంటాయి. మొన్న మంచి ఎండలో ప్యాటర్న్‌లో (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారి) తిరుగుతుంటే డౌన్‌విండ్‌లో (అందులో రన్‌వే పక్కగా వెళ్లే భాగం) 'హై వోల్టేజ్' ఎర్ర లైటు వెలిగింది, ముల్లు డిశ్చార్జ్ వైపు పడిపోయింది. హ్యాండ్‌బుక్‌లో చెప్పినట్టే మాస్టర్ స్విచ్ రెండు సగాలూ (బ్యాటరీకి 'బ్యాట్', ఆల్టర్నేటర్‌కు 'ఆల్ట్') ఆపి మళ్ళీ వేశాను. లైటు పోయింది, ఛార్జింగ్ తిరిగొచ్చింది. దిగాక అరగంట సేపు నేల మీద ఎంత ప్రయత్నించినా ఆ ఎర్ర లైటు మళ్ళీ రాలేదు.

ఇక్కడ ఒక షాప్‌లో చూపించాం. ముందు రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే డబ్బా) మార్చారు. తగ్గలేదు. తర్వాత ఓవర్‌హాల్ చేసిన ఆల్టర్నేటర్ వేశారు, ప్రొపెల్లర్ దించి కొత్త బెల్టు కూడా వేశారు. ముల్లు ఇప్పటికీ అలాగే కొట్టుకుంటోంది. బిల్లు రెండు వేల డాలర్లు దాటింది. ఇప్పుడు బ్యాటరీ మార్చి చూద్దాం అంటున్నారు. అంటే ఏది పాడైందో వాళ్లకీ తెలియదన్నమాట.

నా దగ్గర మంచి మల్టీమీటర్ ఉంది. పక్క హ్యాంగర్‌లో ఉండే ఏ అండ్ పీ (అమెరికాలో విమానాల మరమ్మతుకు లైసెన్సున్న) మెకానిక్ ఒకాయన శనివారం వచ్చి దగ్గరుండి చూస్తానన్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

టెక్సాస్‌రెంచ్:

బ్యాటరీ కొనకండి. కొలత తీసేదాకా ఇంకేదీ కొనకండి.

నేను బేగంపేటలో పని నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు శాన్ ఆంటోనియో వైపు ఏ అండ్ పీగా ఇలాంటి పాత సెస్నాలు, పైపర్లు చూస్తుంటాను. మీరు రాసిన లక్షణాలు చదవగానే నా అనుమానం డబ్బాల మీదకు పోలేదు, డబ్బాల మధ్య ఉన్న దారి మీదకు పోయింది. యాభై ఏళ్ల విమానంలో రెగ్యులేటర్ ఈపాటికి ఒకటి రెండుసార్లు మారే ఉంటుంది. స్విచ్, బ్రేకర్, వైరు చివర్ల లగ్గులు (వైరును బిగించే లోహపు ముక్కలు) మాత్రం ఫ్యాక్టరీలో వేసినవే అయ్యుంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు.

ఆల్టర్నేటర్‌కు ఫీల్డ్ కరెంటు (దాని లోపల అయస్కాంతాన్ని పుట్టించేది; ఇది పెరిగితే ఆల్టర్నేటర్ ఇచ్చేదీ పెరుగుతుంది) ఎలా వెళ్తుందో చూడండి. బస్ బార్ (అన్ని సర్క్యూట్లకు కరెంటు పంచే లోహపు పట్టీ, 'బస్' అన్నా ఇదే) నుంచి బయల్దేరి, ఫీల్డ్ బ్రేకర్ దాటి, మాస్టర్ స్విచ్‌లో 'ఆల్ట్' సగం గుండా, ఓవర్ వోల్టేజ్ సెన్సర్ మీదుగా రెగ్యులేటర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఆల్టర్నేటర్ 'ఎఫ్' టెర్మినల్‌కు. ఏడాదిని బట్టి వైరింగ్‌లో చిన్న తేడాలుంటాయి కాబట్టి మీ సీరియల్ నంబర్‌కు సరిపోయే సర్వీస్ మాన్యువల్ బొమ్మ ఎదురుగా పెట్టుకోండి. ఇక్కడ అసలు కీలకం ఏమిటంటే, బస్‌లో ఎన్ని వోల్టులున్నాయో రెగ్యులేటర్ తెలుసుకునేది కూడా ఇదే దారిలో. ఫీల్డ్‌కు కరెంటు మోసే వైరే దానికి కబురు కూడా మోస్తుంది.

మన ఊళ్లలో పొలాల మోటార్లు వేయగానే లైను చివరి ఇంట్లో బల్బు మసకబారుతుంది చూడండి, మీ రెగ్యులేటర్ ఆ చివరి ఇల్లు. దారిలో ఒక వోల్టు పోయిందనుకోండి. బస్‌లో నిజంగా 14 ఉంటే దానికి 13 కనబడుతుంది. చాలడం లేదనుకుని ఫీల్డ్ పెంచుతుంది. బస్ 15కు పోతుంది. ఫీల్డ్ తగ్గించగానే వైరులో నష్టం కూడా తగ్గి, ఒక్కసారిగా వోల్టేజ్ ఎక్కువైనట్టు కనబడుతుంది. మళ్ళీ కోస్తుంది. ఈ పెంచడం, కోయడమే మీ ముల్లు ఊగడం. ల్యాండింగ్ లైటు వేస్తే ఊపు ఎందుకు పెరుగుతుందో దీంతోనే తెలుస్తుంది: లోడు పెరిగితే ఫీల్డ్ కరెంటు పెరుగుతుంది, దాంతో పాటే దారిలో పోయే వోల్టేజీ పెరుగుతుంది.

ఇక ఎర్ర లైటు. 14 వోల్టుల సిస్టంలో సెన్సర్ సుమారు 16 దగ్గర ఫీల్డ్‌ను కోసేస్తుంది. ఊపు పైకెళ్లిన ఒక క్షణం అది నిజంగానే కోసి ఉండొచ్చు. కానీ ఇంకో దారి కూడా ఉంది. 'బ్యాట్' వేసి ఉంచి 'ఆల్ట్' ఒక్కటే ఆపండి, అదే ఎర్ర లైటు వెలుగుతుంది. లైటు పరీక్షించే పద్ధతిగా మీ హ్యాండ్‌బుక్‌లోనే ఉంది అది. అంటే స్విచ్ లోపల కాంటాక్ట్ వదిలేసినా 'హై వోల్టేజ్' అనే చూపిస్తుంది, ఒక్క వోల్టు కూడా ఎక్కువ కాకుండానే. మీరు స్విచ్ ఆపి వేస్తే లైటు పోయిందన్నారు కదా. సెన్సర్ రీసెట్ అయినా పోతుంది, స్విచ్ కాంటాక్టులు ఒరుసుకుని మళ్ళీ అతుక్కున్నా పోతుంది.

శనివారం చేయాల్సింది ఇది. ఇంజిన్ ఆపే ఉంచండి. మిక్స్చర్ కట్‌ఆఫ్ (ఇంధనం బంద్), తాళంచెవి మీ జేబులో. మాస్టర్ రెండు సగాలూ వేయండి. ఇంజిన్ తిరగకపోతే బస్‌లో ఉండేది బ్యాటరీ ఇచ్చే 12 చిల్లరే కాబట్టి రెగ్యులేటర్ ఫీల్డ్‌ను పూర్తిగా తెరిచి ఉంచుతుంది, రెండు మూడు ఆంపియర్లు పారుతుంటాయి. పరీక్షకు మనకు కావలసింది ఆ కరెంటే. మీటర్ ఎర్ర ప్రోబ్ బస్ బార్ మీద పెట్టి అక్కడే ఉంచండి. నల్ల ప్రోబ్‌ను దారి వెంట ఒక్కో మెట్టూ జరపండి: బ్రేకర్ అవతల, స్విచ్ ఇవతల, స్విచ్ అవతల, సెన్సర్ ప్లగ్, రెగ్యులేటర్ ఇన్‌పుట్. మీటర్ చూపించేది అక్కడిదాకా దారిలో పోయిన వోల్టేజీ. మొత్తం కలిపి 0.2, మహా అయితే 0.3 ఉంటే నేను ఊరుకుంటాను. ఏ మెట్టు దగ్గర అంకె ఎగిరిందో అక్కడే దొంగ. స్విచ్‌ను, ప్లగ్గులను వేలితో కదిలిస్తూ కూడా చూడండి.

ఓమ్ మీటర్ పెట్టి సరిపెట్టుకోకండి. కరెంటు పారని వైరు ఓమ్ మీటర్‌కు బాగానే కనబడుతుంది. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా సున్నా ఓమ్‌లే చూపిస్తుంది. కరెంటు పారుతుండగా కొలిస్తేనే జబ్బు బయటపడుతుంది.

తర్వాత గ్రౌండ్ వైపు. రెగ్యులేటర్ కేసు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు, ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఇలాగే చూడండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, కాక్‌పిట్‌కు మధ్య గోడ) మీద రెగ్యులేటర్ బిగించిన స్క్రూల కింద పెయింట్ ఉంటే గీకి మెరిసేలా చేయాలి. ఎక్కువసేపు 'ఆల్ట్' వేసి ఉంచకండి, ఫీల్డ్ కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

అంకెలు ఇక్కడ రాయండి.

చెరొకీ140:

రెంచ్ గారు చెప్పింది అక్షరాలా పాటించండి అన్నా. నాదొక్క మాట, ముఖ్యంగా పైపర్ ఉన్నవాళ్ల కోసం. సెస్నా 172లో అమ్మీటర్ మధ్యలో సున్నా ఉంటుంది, బ్యాటరీలోకి పోతోందా బయటకు వస్తోందా అన్నది చూపిస్తుంది. నా పైపర్ చెరొకీ, పీఏ-28-140లో ఉన్నది లోడ్ మీటర్. ఆల్టర్నేటర్ ఎంత ఇస్తోందో అది చెబుతుంది. నాకు సున్నా కనబడిందంటే ఆల్టర్నేటర్ చచ్చినట్టే. మీకు సున్నా దగ్గర నిలబడితే బ్యాటరీ నిండిందని సంతోషించాలి. సెస్నాలో నేర్చుకుని పైపర్ ఎక్కినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. సున్నా చూసి అంతా బాగుందనుకుంటూ బ్యాటరీ మొత్తం ఖాళీ చేసుకున్నవాళ్లున్నారు.

పాత చెరొకీల్లో ఇంకో బాధ అల్యూమినియం కేబుళ్లు. బ్యాటరీ దూరంగా ఉంటుంది కాబట్టి బరువు తగ్గించడానికి పైపర్ వాళ్లు అల్యూమినియం వేశారు. చివర్లో లగ్గు దగ్గర తుప్పు పడుతుంది, పైకి ఏమీ కనబడదు. నాది స్టార్టర్ మూలుగుతూ తిరిగేది. బ్యాటరీ మంచిదే. స్టార్టర్ తిప్పుతుండగా కేబుల్ రెండు చివర్ల మధ్య కొలిస్తే ఒక వోల్టు పైనే పోతోంది. రాగి కేబుళ్ల కిట్ వేయించాక ఆ మూలుగు పోయింది, ఛార్జింగ్ కూడా చక్కబడింది.

హెడ్‌సెట్‌లో ఆర్‌పీఎంతో పాటు పెరిగే సన్నని ఈల వినబడుతోందా? వినబడితే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్ (ఏసీని డీసీగా మార్చేది) ఒకటి పోయిందేమో చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా బస్ మీద మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టండి. అర వోల్టు దాటితే నేనైతే అనుమానిస్తాను. ఓవర్‌హాల్ చేసి వచ్చిందే కదా అని వదిలేయకండి.

ఏఎంఈ_విద్యార్థి:

సార్, నేను హైదరాబాద్‌లో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్) కోర్సు చదువుతున్నాను. మేం చూసేది సెస్నా 152, అది 28 వోల్టులది. పైన చెప్పిన అంకెలన్నీ రెండింతలు చేసుకుంటే సరిపోతుందా?

టెక్సాస్‌రెంచ్:

బాబూ, సిస్టం వోల్టేజీలు సుమారుగా రెండింతలే. నిండిన 24 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 25 దాటి ఉంటుంది, ఇంజిన్ నడుస్తుంటే బస్ 28 దరిదాపుల్లో ఉండాలి. ఓవర్ వోల్టేజ్ కటాఫ్ 31, 32 వైపు ఉంటుంది. కానీ దారిలో పోయే వోల్టేజీని మాత్రం రెండింతలు అనుమతించకు. మంచి స్విచ్‌లో నష్టం 12 వోల్టులకైనా 24 వోల్టులకైనా కొద్దిగానే ఉండాలి. తర్వాతి మోడళ్లలో 'లో వోల్టేజ్' లైటు ఉంటుంది, అది వేరే తర్కం, మాన్యువల్‌లో చదువు. పరీక్షలో ఏం రాయాలో మీ సార్లు చెబుతారు. హ్యాంగర్‌లో మాత్రం చేతిలో మీటర్ లేకుండా ఏ పార్టూ విప్పకు.

ఇంకొకటి. ఫీల్డ్ రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు బ్రష్షులు (స్లిప్ రింగుల మీద ఒరుసుకుంటూ, తిరిగే ఫీల్డ్ కాయిల్‌కు కరెంటు అందించేవి) చూడటానికి ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతాం. అంకె నిలకడగా ఉండాలి. ఎగిరెగిరి పడుతుంటే బ్రష్షులు అరిగాయనో, స్లిప్ రింగులు మసిబారాయనో అర్థం. బ్యాటరీ విప్పి, మ్యాగ్నెటోలు (బ్యాటరీతో పని లేకుండా ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చేవి) ఆపి, పై స్పార్క్ ప్లగ్గులు తీసేసి మాత్రమే ఆ పని చేయాలి. మ్యాగ్నెటో గ్రౌండ్ వైరు తెగి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజిన్ ఒక్కసారిగా స్టార్ట్ కావచ్చు. ప్రొపెల్లర్ ఎప్పుడూ ప్రాణంతో ఉన్నట్టే లెక్క.

ఫ్లోరిడా_సీఎఫ్ఐ:

మెకానిక్ గారు బాగుచేసే సంగతి చూసుకుంటారు. నేను ఇన్‌స్ట్రక్టర్‌ని కాబట్టి గాల్లో సంగతి చెబుతాను. డెంటన్ గారూ, బాగయ్యే దాకా ప్యాటర్న్ దాటి వెళ్లకండి, రాత్రి పూట అసలే వద్దు.

ఎర్ర లైటు వస్తే మాస్టర్ ఒక్కసారే రీసెట్ చేయాలి. మళ్ళీ వచ్చిందంటే నిజంగానే ఏదో పాడైంది. అప్పుడు 'ఆల్ట్' ఆపేసి, వీలైనంత త్వరగా దిగిపోవడమే. నా స్టూడెంట్లు కొందరు మూడోసారి, నాలుగోసారి కూడా వేసి చూడబోతారు, నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. నిజంగా వోల్టేజ్ పెరిగి ఉంటే ప్రతిసారీ ఆ దెబ్బ తినేది మీ రేడియోలే.

ఇంజిన్‌కు ఏమీ కాదు, మ్యాగ్నెటోలు బ్యాటరీ మీద ఆధారపడవు. ఆ ధైర్యంతో ముందు లోడు తగ్గించండి. ల్యాండింగ్ లైటు 100 వాట్లు, అదొక్కటే ఏడెనిమిది ఆంపియర్లు తాగుతుంది. పిటో హీట్ (వేగం కొలిచే గొట్టం హీటర్), బీకన్, రెండో రేడియో ఆపేయండి. రేడియో వినడానికి ఎక్కువ తినదు, మాట్లాడేటప్పుడు తింటుంది. కాబట్టి పొట్టిగా మాట్లాడండి. బ్యాటరీ మీద ఎన్ని ఆంపియర్-అవర్లు రాసి ఉన్నా, వయసైన బ్యాటరీని అరగంటకు మించి నమ్మకండి.

మీ 172లో ఫ్లాపులు (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు) కరెంటువే. బ్యాటరీ పూర్తిగా పడిపోతే అవి రావు, సగంలో దించితే మళ్ళీ పైకి పోవు. గో-అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి లేవడం) చేయాల్సి వస్తే అది పెద్ద చిక్కు. ఫ్లాపుల్లేకుండా ల్యాండింగ్ ఈ వారమే ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకుని చేసి ఉంచుకోండి. ఫ్యూయల్ గేజ్‌లూ కరెంటువే, గడియారం చూసి లెక్కపెట్టుకోవాలి. పైగా మీరున్నది డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్టు) చుట్టూ ఉన్న 30 మైళ్ల వలయంలో, అక్కడ ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి. కరెంటు ఇంకా ఉండగానే టవర్‌కు విషయం చెప్పేయండి. రేడియో పోయాక టవర్ వాళ్లు మినుకుమనకుండా నిలకడగా పచ్చ లైటు చూపిస్తే దిగవచ్చని అర్థం.

డెంటన్172:

అందరికీ ధన్యవాదాలు. శనివారం కొలిచాం. పక్క హ్యాంగర్ ఆయన పక్కనే ఉండి ఒక్కో అంకె కాగితం మీద రాశారు.

బస్ 12.4 వోల్టులు. బ్రేకర్ దాటాక 0.1 పోయింది. స్విచ్ ఇవతలిదాకా అదే 0.1. స్విచ్ అవతలకు వెళ్లగానే 1.0! 'ఆల్ట్' సగాన్ని వేలితో కాస్త పక్కకు నొక్కితే 0.5కు దిగింది, వదిలేస్తే 1.4కు ఎక్కింది. ఒకసారైతే పూర్తిగా వదిలేసింది, ఎర్ర లైటు వెలిగింది. ఇంజిన్ ఆగే ఉంది! పక్కనున్నాయన నా వైపు చూసి నవ్వేశారు. అక్కడి నుంచి రెగ్యులేటర్ దాకా ఇంకో 0.15, అందులో ఎక్కువ భాగం సెన్సర్ ప్లగ్ దగ్గర. గ్రౌండ్ వైపు రెండూ 0.02 లోపే.

స్విచ్ వెనక చేయి పెట్టి చూస్తే ఒక టెర్మినల్ గోధుమరంగుకు తిరిగి ఉంది, దాని ప్లాస్టిక్ కొద్దిగా ఉబ్బింది. హెడ్‌సెట్‌లో ఈల లేదు. బస్ మీద ఏసీ 0.1 కంటే తక్కువే, కాబట్టి ఆల్టర్నేటర్ మంచిదే అనుకుంటున్నాను.

ఇదే స్విచ్‌లా ఉన్నది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది. వేసేయవచ్చా?

టెక్సాస్‌రెంచ్:

భేషుగ్గా కొలిచారు. ఇక అనుమానం లేదు.

ఆన్‌లైన్‌లో చూసిన ఆ స్విచ్ వద్దు. అచ్చం అలాగే ఉంటుంది, సరిపోతుంది కూడా. కానీ ఇది టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కు ప్రభుత్వ ఆమోదం) ఉన్న విమానం. పార్ట్స్ కేటలాగ్‌లో మీ సీరియల్‌కు చెప్పిన నంబర్‌దో, లేదా ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పీఎంఏ (పార్టు తయారీకి ఇచ్చే ఆమోదం) ఉన్నదో కొనండి, కాగితాలతో సహా. పైలట్ అయిన ఓనరు స్వయంగా చేసుకోదగ్గ పనుల ఎఫ్ఏఏ జాబితాలో బ్యాటరీ మార్చడం ఉంది. మాస్టర్ స్విచ్ మార్చడం అందులో లేదు. మీరు చేతులు పెట్టినా, ఏ అండ్ పీ పర్యవేక్షించి లాగ్‌బుక్‌లో సంతకం చేయాలి. ఆల్టర్నేటర్ విషయంలోనూ ఇంతే, కారుకు వచ్చే ఫోర్డ్ ఆల్టర్నేటర్ కంటికి ఒకేలా కనబడినా విమానానికి పెట్టకూడదు.

స్విచ్ విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, వెనకంతా బిగుతుగా ఉంటుంది, రెంచ్ జారితే నిప్పురవ్వలే. ఆ గోధుమరంగు టెర్మినల్ మీది లగ్గును తిరిగి వాడకండి. వేడికి దాని పట్టు పోయి ఉంటుంది. లోపలి రాగి మెరుస్తూ కనబడేదాకా వైరు కోసి, కొత్త లగ్గు సరైన క్రింపర్‌తో (లగ్గును నొక్కి బిగించే పనిముట్టు) వేయించండి. నల్లబడిన రాగి మీద వేస్తే అదే జబ్బు తిరిగొస్తుంది. బ్రేకర్‌లో పోయే 0.1కు, అది లాగడానికి వీలయ్యే రకమైతే పనిలో పనిగా దాన్ని కొన్నిసార్లు లాగి నొక్కండి, లోపలి కాంటాక్టులు శుభ్రపడతాయి.

డెంటన్172:

స్విచ్ మారింది. రెండు లగ్గులు కొత్తవి, సెన్సర్ ప్లగ్ పిన్నులు శుభ్రం చేశాం. ఇప్పుడు బస్ నుంచి రెగ్యులేటర్ దాకా మొత్తం 0.18. ఇంజిన్ 1700 ఆర్‌పీఎంలో బస్ 14.1. ల్యాండింగ్ లైటు, బీకన్, రేడియోలు అన్నీ వేశాక 14.0. ముల్లు కదలడం లేదు! మా ముగ్గురిలో ఒకతను ఫోన్‌లో వీడియో తీసి మిగతా ఇద్దరికీ రోజంతా పంపుతూనే ఉన్నాడు. షాప్‌కు ఇచ్చిన డబ్బు తలుచుకుంటే కడుపు మండుతోంది గానీ, రాత్రి టెన్షన్ లేకుండా నిద్రపోయాను. ఎర్ర లైటు ఒకసారి వచ్చింది కదా, సెన్సర్‌ను కూడా మార్చాలా?

టెక్సాస్‌రెంచ్:

మార్చే ముందు దాన్నీ కొలవాలి. మీ మెకానిక్ దగ్గర వోల్టేజ్ పెంచగలిగే బెంచ్ సప్లై ఉంటే సెన్సర్‌ను విమానం నుంచి విడదీసి మెల్లగా పెంచుతూ వెళ్లమనండి. 16 దరిదాపుల్లో కోస్తే మంచిదే, తిరిగి పెట్టేయండి. 14న్నర, 15 దగ్గరే కోస్తుంటే అప్పుడు మార్చండి. 17 దాటినా కోయకపోతే మాత్రం అది లేనట్టే లెక్క, మారేదాకా ఎగరకండి.

బెల్టు కొత్తది కదా, కొత్త బెల్టు సాగుతుంది. సుమారు 25 గంటలు ఎగిరాక బిగువు చూడాలి. లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1129లో పుల్లీ నట్టు మీద టార్క్ రెంచ్ పెట్టి చూసే పద్ధతి ఉంది, మీ బెల్టు వెడల్పుకు తగిన అంకె పట్టికలోంచి తీసుకోండి. వేలితో నొక్కి బాగానే ఉందనుకోవద్దు. ఇది తెగితే మళ్ళీ ప్రొపెల్లర్ దించాల్సిందే.

ఆ 0.18, 14.1 అంకెలు రెండూ లాగ్‌బుక్ ఎంట్రీలో రాయించండి. వచ్చే ఏడాది యాన్యువల్ తనిఖీలో ఇవే కొలిచి పోల్చుకోవచ్చు.